నగలు తాకట్టు పెట్టి సీఎఫ్‌పీ చదవాలా?

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 31. రేణిగుంటలో ప్రైవేటు ఉద్యోగం, జీతం రూ.34,000, ఇంటి ఖర్చు రూ.25,000. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. బ్యాంకులో రూ.40,000 ఉన్నాయి. ఉద్యోగం మానేసి, నగలపై రూ.1.5 లక్షల రుణం తీసుకుని ఆరు నెలల్లో సీఎఫ్‌పీ (సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్, అంటే ఆర్థిక ప్రణాళిక సలహాదారు అర్హత) పూర్తి చేద్దామనుకుంటున్నాను. చదువు ప్రణాళిక చెప్పగలరు.

జవాబు: ఇలాంటి ఆలోచనతో చాలామంది రాస్తున్నందున మీ ప్రశ్నను ఎంచుకున్నాను. ఆరు నెలల ఇంటి ఖర్చే రూ.1.5 లక్షలు, అంటే మీరు తెచ్చే అప్పు మొత్తం కిరాణాకు, అద్దెకు సరిపోతుంది, కోచింగుకూ పరీక్ష ఫీజులకూ ఉన్న రూ.40,000 కరిగిపోతాయి. ఏడాదికి 12 శాతం చొప్పున లెక్కించినా నెలకు రూ.1,500 వడ్డీ, జీతం లేని ఇంట్లో ఎవరు కడతారు? రాజీనామా చేసిన నాటితో కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా సాధారణంగా ముగిసిపోతుంది కాబట్టి, పాపను ఒక్కసారి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినా మీ ప్రణాళిక కుప్పకూలుతుంది. పరీక్ష తప్పితే మళ్లీ రాయవచ్చు, వేలానికి వెళ్లిన నగలు మళ్లీ రావు. పర్సనల్ లోన్ ఆలోచన కూడా వద్దు.

నెలకు మిగిలే రూ.9,000లో రూ.6,000 అత్యవసర నిధికి, రూ.3,000 చదువుకు కేటాయించండి. పద్దెనిమిది నెలలకు ఆ నిధి, ఇప్పుడున్న రూ.40,000తో కలిపి, దాదాపు రూ.1.48 లక్షలు అవుతుంది. చదువుకూ అదే గడువు పెట్టుకోండి: సీఎఫ్‌పీలోని నాలుగు మాడ్యూళ్లలో (పాఠ్య విభాగాల్లో) మూడు స్పెషలిస్టు మాడ్యూళ్లకు నాలుగేసి నెలలు, చివరి సమగ్ర ప్రణాళిక మాడ్యూల్‌కు ఆరు నెలలు. డ్యూటీకి బయలుదేరే ముందు ఉదయం గంటన్నర, ఆదివారం నాలుగు గంటలు చాలు. అయితే డబ్బు కాలవిలువ (నేటి రూపాయికీ రేపటి రూపాయికీ విలువలో తేడా) లెక్కలను చదివి వదిలేయకుండా రోజుకు నాలుగైదు చేతితో చేయాలి; చాలామంది తడబడేది అక్కడే. బ్రహ్మోత్సవాలు, గంగమ్మ జాతర రోజుల్లో పరీక్ష తేదీ తీసుకోకండి, తిరుపతి ఇళ్లలో ఆ వారాల్లో బంధువుల రాకపోకలు ఎలా ఉంటాయో మీకే తెలుసు.

రిస్కు, వారసత్వ ప్రణాళిక మాడ్యూల్‌తో మొదలుపెట్టి, అందులోని బీమా అవసరాల లెక్కను ముందు మీ కుటుంబానికే వేసి చూడండి. టర్మ్ పాలసీ (నిర్ణీత కాలానికి తీసుకునే జీవిత బీమా) లేకపోతే ఆ నెలలోనే తీసుకోండి. కోచింగ్ ఫీజు నాలుగింటికీ ఒకేసారి కట్టవద్దు. మొదటి ఫలితం వచ్చాకే రెండోదానికి చెల్లించండి.