ఏఐతో రాయిస్తుంటే తేడా కొడుతోందా?

నాన్నా,

ఏది అడిగినా ఈ ఏఐ అన్నీ ఒకేలా రాస్తోంది, చెప్పింది మర్చిపోతోంది, ఇక దీని జోలికి వెళ్లను అన్నావు. అప్పుడే వదిలేయకు. వీటిలో చాలావరకు నువ్వు సరిచేసుకోగలిగినవే.

ముందు ఆ చప్పదనం సంగతి చూద్దాం. 'మేనేజర్‌కి సెలవు కావాలని మెయిల్ రాయి' అని ఒక్క ముక్క పడేస్తే, ఆ మేనేజర్‌తో నీకు చనువుందో లేదో, సెలవు ఎన్ని రోజులో, నీ పని ఎవరు చూస్తారో దానికేం తెలుసు? అందుకే ఎవరికైనా సరిపోయే నాలుగు మర్యాద వాక్యాలు అల్లి ఇస్తుంది. ఈ వివరాలన్నీ చెప్పు, నువ్వు ఇదివరకు రాసిన మెయిల్ ఒకటి అతికించి 'ఇదే ధోరణిలో, ఆరు వాక్యాలు దాటకుండా' అను, తేడా నీకే కనిపిస్తుంది. వచ్చింది నచ్చకపోతే 'ఇంకా బాగా రాయి' అనొద్దు, అలా అంటే విశేషణాలు పెంచుతుంది అంతే. 'మొదటి వాక్యంలోనే తేదీలు చెప్పు, రెండో పేరా తీసేయ్' అని వేలు పెట్టి చూపించు.

మర్చిపోవడానికి కారణం వేరే ఉంది. అది ఒకేసారి చూడగలిగే టెక్స్ట్‌కి ఓ హద్దుంటుంది, పైగా తెలుగు లిపికి సాధారణంగా ఇంగ్లీషు కంటే ఎక్కువ టోకెన్లు (అది టెక్స్ట్‌ని విడగొట్టి చదివే చిన్న ముక్కలు) ఖర్చవుతాయి కాబట్టి ఆ హద్దు త్వరగా వచ్చేస్తుంది. చాట్ బాగా పొడుగైపోతే దానితో వాదించకుండా కొత్త చాట్ తెరిచి, ఖరారైన డ్రాఫ్టూ నీ షరతులూ అందులో పెట్టి మొదలుపెట్టు. సగంలో ఆగిపోతే చివరి వాక్యం ఇచ్చి అక్కడినుంచి కొనసాగించమను. ఒక పేరా దిద్దమంటే మిగతావి కూడా మార్చేస్తోందంటే ఆ పేరా ఒక్కటే ఇవ్వు. పదాల లెక్క మాత్రం దాన్ని నమ్మకు, వర్డ్‌లో చూసుకో.

అన్నిటికంటే నాకు భయం వేసేది లేనివి ఉన్నట్టు రాయడం. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను కోర్టులో దాఖలు చేశారు, తీరా చూస్తే అలాంటి కేసులే లేవు, 5,000 డాలర్ల జరిమానా పడింది. ఇవి నిజమైన కేసులేనా అని వాళ్లలో ఒకాయన దాన్నే అడిగాడు, అవునని చెప్పింది! తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేస్తూ రాసే యంత్రం అది, ఒట్టి అంచనా అయినా అంతే ధీమాగా చెప్తుంది. అందుకని 'నేను ఇవ్వని పేరు, తేదీ, అంకె వేయకు, అక్కడ ఖాళీ వదిలెయ్' అని ముందే చెప్పు. చెప్పినా సరే, ప్రతి అంకెనీ అసలు పత్రం తెరిచి సరిచూడు, దాన్నే మళ్లీ అడగడం సరిచూడటం కాదు.

'బాగుందా?' అని కూడా అడక్కు, చాలాసార్లు మెచ్చుకుంటుంది. దీన్ని తిప్పి పంపాలనుకునే ఎడిటర్ ఏమేం తప్పులు పడతాడో అడుగు. ఇతరుల ఫోన్ నంబర్లు, ఆఫీసు లోపలి కాగితాలు మాత్రం అందులో అతికించకు, దయచేసి.

ఈసారి తేడా వస్తే అది ఇచ్చిన జవాబుతో పాటు నువ్వేం టైప్ చేశావో కూడా ఉన్నదున్నట్టు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

ఉంటాను,
పెదనాన్న