లెక్క అడిగితే కూతురు పరాయిదైపోతుందా?

ఉత్తరం: మా అమ్మాయి పదో ఏట టీవీ పాటల పోటీలో గెలిచింది. అప్పట్లో తెలుగువాళ్లలో ఆమె పేరు తెలియనివాళ్లు లేరు. తన వెంట తిరగాల్సి రావడంతో తెనాలిలో చేస్తున్న ఉద్యోగం మానేసి కుటుంబాన్ని హైదరాబాద్ తీసుకొచ్చాను. ప్రోగ్రాములు, రికార్డింగులు, విదేశాల్లో తెలుగువాళ్ల సభలు అన్నీ నేనే చూసుకున్నాను. వచ్చిన డబ్బుతో నా పేరు మీద ఫ్లాట్ కొన్నాను, అబ్బాయిని ఇంజినీరింగ్ చదివించాను. దుబారా చేయలేదు. ఇప్పుడు అమ్మాయికి 25. పాడుతుంది కానీ దృష్టంతా వేరే పనుల మీదే. సీరియళ్లకు డబ్బింగ్ చెబుతుంది, ఆడియో కథలు చదువుతుంది, పిల్లలకు ఆన్‌లైన్లో సంగీతం నేర్పుతుంది, ఈమధ్య సౌండ్ ఇంజినీరింగ్ కోర్సులో చేరింది. అంత పేరున్న పిల్ల డబ్బింగ్ చెబుతోందంటే చెప్పుకోవడానికి నాకే నామోషీగా ఉంది. సంబంధాల వాళ్లకు ఏం చెప్పాలో తెలియడం లేదు. మూడు నెలల క్రితం ఇన్నేళ్ల డబ్బుకు లెక్క అడిగింది. పెంచిన తండ్రినే లెక్క అడుగుతుందా అని అప్పటి నుంచి మాట్లాడటం మానేశాను. ఆమెను మళ్లీ పాట వైపు ఎలా తిప్పాలి?
– ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయిని పాట వైపు తిప్పాల్సిన పనేమీ లేదండీ. పాట వదిలేసిందని మీరే రాయలేదు. పాడుతూనే ఇంకో నాలుగు పనులు నేర్చుకుని సంపాదించుకుంటోంది. దీని గురించి కాస్త చెప్పి అసలు విషయానికి వస్తాను.

డబ్బింగ్ చెబితే గాయని స్థాయి తగ్గుతుందని మీకెవరు చెప్పారో గానీ, అది నిజం కాదు. బాలసుబ్రహ్మణ్యంగారు కమల్‌హాసన్‌కి తెలుగులో ఎన్నో సినిమాల్లో గొంతు అరువిచ్చారు. సంగీత దర్శకత్వం చేశారు, నటించారు, టీవీలో కొత్త గొంతులను కూర్చోబెట్టి పాడించారు. సునీత ఒకపక్క పాడుతూనే ఎంతమంది హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పిందో లెక్కలేదు. చిన్మయి కూడా అంతే. డబ్బింగ్ వల్ల వీళ్ల పాటకు మర్యాద ఏమైనా తగ్గిందా?

చిన్నప్పుడే పేరొచ్చినవాళ్లకైతే ఇలాంటి మార్పు ఇంకా అవసరం. పదేళ్ల పాపను జనం మెచ్చుకున్నది పాట బాగుందనే కాదు, అంత చిన్నపిల్ల అంత బాగా పాడిందే అని. పిల్ల పెద్దదయ్యాక ఆ ఆశ్చర్యం పోతుంది. గొంతు కూడా మారుతుంది. అప్పుడు కొన్ని విషయాలు మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తుంది. కమల్‌హాసన్‌నే చూడండి. 1960లో మొదటి సినిమాకే రాష్ట్రపతి పతకం అందుకున్న బాలనటుడు ఆయన. కుర్రవాడయ్యాక డ్యాన్స్ మాస్టర్ తంగప్పన్ దగ్గర అసిస్టెంటుగా చేరాడు. పతకం వచ్చినవాడికి అసిస్టెంటు పనేమిటని ఇంట్లోవాళ్లు అడ్డుపడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మన రాజమండ్రి అలీ 1981లో ‘సీతాకోకచిలుక’తో పిల్లాడిగా పేరు తెచ్చుకున్నాడు, 1994లో ‘యమలీల’తో హీరో అయ్యాడు, తర్వాత కమెడియన్‌గా, టీవీ వ్యాఖ్యాతగా ఇన్నేళ్లు నిలబడ్డాడు. మీ అమ్మాయి సౌండ్ ఇంజినీరింగ్ కోర్సు గురించి చదివినప్పుడు నాకు సంతోషం వేసింది. ఇన్నాళ్లూ మైకు ముందు నిలబడి పాడిన పిల్ల, ఆ గొంతు రికార్డయ్యే పని కూడా తెలుసుకోవాలనుకుంటోంది. ఎంత మంచి ఆలోచన! దీనికి మీరు బాధపడటం నాకు అర్థం కాలేదు.

ఇక అసలు విషయం. ఆమె లెక్క అడిగింది, మీరు మాట్లాడటం మానేశారు. మీ ఇంటి కష్టమంతా ఇక్కడే ఉంది.

పదిహేనేళ్లుగా మీరు ఆమెకు తండ్రిగానూ, మేనేజరుగానూ ఉన్నారు. మేనేజరును లెక్క అడగడం మామూలే. తండ్రిని అడిగితే మాత్రం మన ఇళ్లలో తలవంపులుగా అనుకుంటాం. మీరు పనంతా మేనేజరుగా చేసి, లెక్క దగ్గరకు వచ్చేసరికి తండ్రినంటున్నారు. ఇది న్యాయం కాదండీ.

మీరు కష్టపడలేదని నేను అనను. నిద్రపోతున్న పిల్లను ఒళ్లో పెట్టుకుని రాత్రి బస్సుల్లో ప్రయాణాలు, ఒప్పుకున్న డబ్బు ఇవ్వని నిర్వాహకుల చుట్టూ తిరగడం, హాజరు తగ్గిందంటే స్కూల్లో బతిమాలడం, ఇవన్నీ ఇలాంటి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ తండ్రో తల్లో పడే పాట్లే. కానీ జ్వరం వచ్చినా, మర్నాడు పరీక్ష ఉన్నా స్టేజీ ఎక్కి పాడింది ఆమె. ఆ డబ్బు ఆమెది. ఆదాయపు పన్ను చట్టం కూడా అదే అంటుంది. మైనరు పేరు మీదున్న డబ్బుకు వచ్చే వడ్డీని తల్లిదండ్రుల ఆదాయంలో కలుపుతారు గానీ, పిల్లలు తమ ప్రతిభతో సంపాదించినదాన్ని కలపరు. అది పిల్లల ఆదాయమే. 2017లో వచ్చిన బాలకార్మిక నిబంధనల ప్రకారం, బాల కళాకారుల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో ఆ బిడ్డ పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, 18 నిండాక బిడ్డ చేతికే ఇవ్వాలి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదని కూడా ఉంది. మీ అమ్మాయి పాడటం మొదలుపెట్టిన రోజుల్లో ఆ నిబంధన లేదు, నిజమే. అయినా 18 నిండిన రోజు మీరే ఆమెను పిలిచి పాస్‌బుక్కులు చేతికివ్వాల్సింది. అడిగించుకోవడమే తప్పు. అడిగాక అలగడం ఇంకా పెద్ద తప్పు.

ఇలాంటి చట్టాలు ఊరికే రాలేదు. 1921లో చార్లీ చాప్లిన్ పక్కన నటించి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న జాకీ కూగన్ అనే పిల్లవాడు పెద్దయ్యి చూసుకునేసరికి డబ్బంతా తల్లి, మారుతండ్రి ఖర్చుపెట్టేశారు. 1938లో సొంత తల్లి మీద కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడే కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనకు రక్షణగా చట్టం తెచ్చారు. మీరు అలాంటివారని నేను అనడం లేదు. దుబారా చేయలేదన్న మీ మాట నమ్ముతున్నాను. దుబారా చేయని మనిషికి లెక్క చూపించడానికి ఇబ్బందేముంది?

మీకున్నది కోపం కన్నా భయమని నాకనిపిస్తోంది. ఉద్యోగం ఎప్పుడో పోయింది. ఆమె ప్రోగ్రాములు తగ్గితే మీకు ఫోన్లు రావు, ‘ఫలానా పాప వాళ్ల నాన్న’ అని ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్లు ఉండరు. డబ్బింగ్ స్టూడియోకి తండ్రి తోడు వెళ్లక్కర్లేదు. ఆమె కొత్తగా నేర్చుకున్న ఏ పనిలోనూ మీకు చోటు లేదు, అందుకే ఏదీ నచ్చడం లేదు. మీ వయసులో ఈ భయం సహజం, నేను తప్పుపట్టను. దాన్ని ఆ పిల్ల మీద మౌనంగా రుద్దడం మాత్రం ఒప్పుకోను.

కోనేరు హంపి తండ్రి అశోక్‌గారు కూడా ఉద్యోగం వదిలేసి కూతురికి చదరంగం నేర్పినవారే. 2002లో 15 ఏళ్లకే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయింది. ఓఎన్‌జీసీలో ఉద్యోగం చేసింది, పెళ్లి చేసుకుంది, బిడ్డ కోసం ఆటకు దూరంగా ఉంది. మళ్లీ వచ్చి 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది. ఆమె ఆట ఆపిన రోజుల్లో ఆ తండ్రి చేసిన త్యాగం విలువ తగ్గిపోయిందా? మీదీ తగ్గదు. అయితే బిడ్డ కోసం చేసినదాన్ని అప్పుగా రాసిపెట్టుకుని, ఆమె బతుకంతా తీర్చమనడం తల్లిదండ్రులకు తగదు. ఈ విషయంలో ఎవరెంత చెప్పినా నేను మనసు మార్చుకోను.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. బ్యాంకు స్టేట్‌మెంట్లు, డిపాజిట్ రసీదులు, ఫ్లాట్ కాగితాలు అన్నీ బయటకు తీయండి. పాత ఖర్చులు గుర్తున్నంతవరకు ఒక నోట్‌బుక్కులో రాయండి. ఇల్లు గడవడానికి ఎంత అయింది, అబ్బాయి ఫీజులకు ఎంత కట్టారు, మీ సొంతానికి ఎంత వాడుకున్నారు, ఏదీ దాచకండి. మీ ఆవిడను, అబ్బాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. తన చదువుకు కట్టింది తోడబుట్టినదాని డబ్బేనని ఆ అబ్బాయికి స్పష్టంగా తెలియాలి. ఫ్లాట్ ఆమె డబ్బుతో కొన్నదైతే ఆమె పేరు మీదకు గిఫ్ట్ డీడ్ ద్వారా మార్చడం గురించి లాయర్‌తో మాట్లాడండి. ఆమె వద్దంటే అది ఆమె ఇష్టం, మీరు మాత్రం అడగాలి. ప్రోగ్రాముల కోసం అందరి దగ్గరా ఉన్నది మీ ఫోన్ నంబరే అయి ఉంటుంది. ఇకమీదట ఏది ఒప్పుకోవాలో, ఏది వద్దనాలో ఆమే చెప్పాలి.

లెక్క చూశాక ఆమె కోప్పడొచ్చు, ఏడవొచ్చు, కొన్ని కటువైన మాటలు అనొచ్చు. వినండి. ‘నీ కోసం ఉద్యోగం మానుకున్నాను’ అన్న మాట ఆ రోజు నోటి నుంచి రానివ్వకండి. ఆమెకు ఆ సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలుసు కాబట్టే 18 నిండినా ఇన్నేళ్లు అడగకుండా ఓపిక పట్టిందని నా నమ్మకం.

ఆమె పాట పనులు మీరే చూడాలని ఇద్దరికీ ఉంటే, నెలకు ఇంత అని జీతం మాట్లాడుకోండి. కూతురి దగ్గర చేసిన పనికి డబ్బు తీసుకోవడం తప్పు కాదు, ఆమెకు తెలియకుండా తీసుకోవడమే తప్పు. ఆమె వద్దంటే బయట పని చూసుకోండి. ఇన్నేళ్లు స్టేజీ ప్రోగ్రాములు నడిపిన మనిషి, ఆర్కెస్ట్రావాళ్లు, సౌండ్‌వాళ్లు, హాళ్లవాళ్లు అందరూ తెలిసిన మనిషి ఈవెంట్లు చేసేవాళ్లకు కావాలి. సొంత సంపాదన మళ్లీ మొదలైతే ఈ టెన్షన్ చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

సంబంధాల వాళ్లకు ఏం చెప్పాలని అడిగారు. ఉన్నదే చెప్పండి. పాడుతుంది, డబ్బింగ్ చెబుతుంది, పిల్లలకు సంగీతం నేర్పుతుంది, సౌండ్ ఇంజినీరింగ్ చదువుతోంది అని. దాన్ని తక్కువగా చూసే ఇల్లు మీకు వద్దు. అసలు ఆమెకు ఇప్పుడు పెళ్లి చేసుకోవాలని ఉందో లేదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ముందు అది అడగండి. లెక్క తేలేదాకా ఒక్క సంబంధం కూడా చూడకండి. పెళ్లి చేసి పంపిస్తే ఇక లెక్క అడగదులే అన్న ఆలోచన మనసులో ఏ మూలైనా ఉంటే, ఈరోజే తీసేయండి.