సందేహాలు – సమాధానాలు: మజ్‌హబ్‌ను ‘మతం’ అనవచ్చునా?

సందేహం: ‘ఇస్లాంలో నాలుగు న్యాయమతాలు (మజ్‌హబ్‌లు) ఉన్నాయి’ అని ఒక వ్యాసంలో చదివాను. ఒకే మతంలో నాలుగు మతాలేమిటి? ‘తెగలు’ అనాలి కదా? ఇస్లాం చెప్పే మధ్యస్థ ధోరణిని ‘మితవాదం’ అనవచ్చునా?
– ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: ‘తెగలు’ మాత్రం అనకండి. హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ అనేవి మూలగ్రంథాల నుంచి విధిని రాబట్టే పద్ధతిలో వేరుపడిన సంప్రదాయాలు. సున్నీలు నాలుగింటినీ ప్రామాణికంగానే ఎంచుతారు.

‘మతం’ అన్న మాటకు ఈ సందర్భంలో దోషం లేదు. ‘మన్’ ధాతువు నుంచి వచ్చిన ఈ మాటకు ‘తలచినది’ అని అర్థం. సమ్మతం, అభిమతం, ఏకమతం అన్న మాటల్లో ఆ అర్థం నేటికీ చెక్కుచెదరలేదు. పాణిని ‘లోపః శాకల్యస్య’ అని సూత్రించాడు. ‘హరే’, ‘ఇహ’ కలిస్తే ‘హరయిహ’. పూర్వ వైయాకరణుడైన శాకల్యుని మతంలో అందులోని యకారం లోపించి ‘హర ఇహ’ అవుతుంది, తక్కినవారికి ‘హరయిహ’ నిలుస్తుంది, రెండూ సాధువులే. ఆచార్యుని పేరు చెప్పడమే వికల్పాన్ని ఒప్పుకోవడం! అరబ్బీలో ‘మజ్‌హబ్’ కూడా ‘వెళ్లు’ అనే ధాతువు నుంచి పుట్టి, ఒక ఆచార్యుడు నడిచిన తోవను చెప్పే మాట. ఉర్దూలో అది ‘రెలిజియన్’ అనే అర్థానికి మారింది. మన ‘మతం’ కూడా సరిగ్గా ఆ దారినే పోయింది.

హైదరాబాదులో అత్యధికులు హనఫీలు. నమాజులో ఫాతిహా (ఖురాన్ తొలి అధ్యాయం) ముగిశాక ‘ఆమీన్’ను లోలోపల అంటారు. అదే నగరంలోని బార్కస్ ప్రాంతంలో ఉండే, యెమెన్ మూలాలున్న షాఫయీల సంప్రదాయంలో దానిని బిగ్గరగా పలకాలి. ఒకరి నమాజు చెల్లదని మరొకరు అనరు. ఈ వికల్పం అవసరానికి అక్కరకు వచ్చిన సందర్భమూ ఉంది. భర్త ఆచూకీ తెలియని స్త్రీకి హనఫీ విధిలో దాదాపు ఆయుష్కాలమంతా నిరీక్షణే. మాలికీ మతంలో నాలుగేళ్లు. అందుకే 1931లో హనఫీ పండితుడైన అష్రఫ్ అలీ థాన్వీ మాలికీ మతాన్ని స్వీకరించవచ్చునన్నారు; 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టంలోనూ ఆ నాలుగేళ్ల గడువే ఉంది.

ఇంత వెసులుబాటు ఉన్న శాస్త్రం గురించి రాస్తూ మన పత్రికలు ‘ఫత్వా’ను హుకుంగా మార్చేయడం నాకు బాధ కలిగిస్తుంది. న్యాయాధికారి అయిన ఖాజీ తీర్పుకు కట్టుబడాలి. ధర్మసందేహాలు తీర్చే పండితుడైన ముఫ్తీ ఇచ్చే ఫత్వా అడిగినవారికి చెప్పిన మతం మాత్రమే.

ఇక ‘మితవాదం’: ఆ మాట రాజకీయాల పాలైంది, పైగా భక్తి కాస్త తక్కువన్న ధ్వని ఉంది. ఖురాన్ (2:143) చెప్పే ‘వసత్’ నడిమిది, న్యాయమైనది. ‘మధ్యస్థత’ దానికి దగ్గర.

కాబట్టి ‘న్యాయమతాలు’ తప్పని నేననను. సామాన్య పాఠకులకు ‘ధర్మశాస్త్ర సంప్రదాయాలు’ సుబోధం కావచ్చు. నాకు మాత్రం ‘మతం’ను దాని పాత అర్థంతో సహా వదులుకోవడానికి మనసొప్పదు.