టైర్లకు మూడేళ్ల అప్పా?

ప్రశ్న: పికప్ ట్రక్కు మీద సరుకు వేస్తాను, ఇంటికి అదే ఆధారం. టూ వీల్ డ్రైవ్ బండి. నెలకు 2,000 కిలోమీటర్లు తిరుగుతుంది, అందులో పదో వంతు మట్టిదారి, వానలకు బురద. బండితో వచ్చిన ఆల్ టెరైన్ టైర్లు (తార్రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చేవి) 48,000 కిలోమీటర్లు నడిచాయి. ఇప్పుడు వెనకవాటిలో 3 మిల్లీమీటర్ల గాడి మిగిలింది, ముందువాటిలో 5. ఈసారి ఒక సైజు పెద్ద మడ్ టైర్లు, స్టెప్నీతో కలిపి ఐదూ వేయిద్దామనుకుంటున్నాను. నెలన్నర ఖర్చులకు సరిపడా దాచిన డబ్బుంది. అది కట్టేసి, మిగతాది కార్డు మీద 24 శాతం వడ్డీకి 36 నెలల వాయిదాల్లో తీర్చేస్తాను. ఏ టైరు ఎక్కువకాలం మన్నుతుంది?

జవాబు: మీరు టైరు గురించి అడిగారు. నన్ను కంగారు పెట్టింది మాత్రం ఆ నెలన్నర డబ్బు. బండి మీద బతికే చాలామంది చేసే తప్పే ఇది, అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను.

మీ లెక్కే చూడండి. టైర్లు రెండేళ్లు నడిచాయి, అప్పు మూడేళ్లది. కొత్తవి అరిగి పక్కన పడేశాక కూడా పన్నెండు నెలలు వాటికే వాయిదా కడతారు. అప్పటికి మళ్లీ టైర్లు కావాలి. 24 శాతం చొప్పున 36 నెలలంటే, తీసుకున్న ప్రతి 100కి దాదాపు 141 తిరిగి కడుతున్నట్టు. రోడ్డు మీద అరిగిపోయే వస్తువుకు కార్డు అప్పు చేయడం నేను ఎవరికీ, ఎప్పుడూ ఒప్పుకోను.

పైగా దాచిన డబ్బంతా టైర్ల కింద పోతే, మరుసటి వారం క్లచ్ పోయిందనుకోండి. బండి ఆగితే సంపాదనా ఆగుతుంది. అరుగుదలకు, ఇలాంటి రిపేర్లకు మామూలు బీమా పైసా ఇవ్వదు. బండి నిలిచిపోయిన రోజుల కూలీ కూడా ఇవ్వదు. అందుకే జీతగాడికి ఆరు నెలల ఖర్చులు చాలంటే, మీకు దానిపైన బండికి ఒక పెద్ద రిపేరు డబ్బు కూడా ఉండాలి. నెలన్నర నుంచి అక్కడికి చేరాల్సిన మనిషి ఉన్నది ఊడ్చి ఇవ్వకూడదు. టైరు అరగడం హఠాత్తుగా వచ్చే ఖర్చు కాదు, ఎప్పుడొస్తుందో ముందే తెలుసు. ఒక సెట్టు ధరలో 24వ వంతు నెలనెలా వేరే ఖాతాలో వేయండి. అత్యవసర నిధిని దానికి ముట్టుకోవద్దు.

ఇక టైరు సంగతి. మడ్ టైరు బటన్లు, అంటే నేలకు ఆనే రబ్బరు దిమ్మెలు, పెద్దవి; మధ్య ఖాళీలు వెడల్పు. బురదను విదిల్చుకోవడానికే అలా చేస్తారు. తార్రోడ్డు మీద అదే ఖాళీ శత్రువవుతుంది: నేలకు ఆనే రబ్బరు తక్కువ, బటన్లు ఊగి అంచులు రంపంలా అరుగుతాయి, మోత, తడిరోడ్డు మీద పట్టు తక్కువ, డీజిల్ ఎక్కువ. తిరిగేదాంట్లో తొంభై శాతం తార్రోడ్డయినవారికి అది కొనుక్కున్న నష్టం. మీకు ఆల్ టెరైనే సరి.

పెద్ద సైజు కూడా వద్దు. చుట్టుకొలత 5 శాతం పెరిగితే మీటరు 95 చూపేసరికి బండి దాదాపు 100లో ఉంటుంది. బీమా కంపెనీకి చెప్పకుండా సైజు మారిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

బరువు మోసే బండి కాబట్టి పక్కగోడ మీది లోడ్ నంబరు చూడండి: 115 అంటే టైరుకు 1,215 కిలోలు, 121 అంటే 1,450. బండికి కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు. రాళ్ల దారి ఉంటే పక్కగోడలో మూడు పొరలున్నవి అడగండి. మన్నిక కోసం కాస్త ఎక్కువ పెట్టాల్సింది అక్కడే.

ఐదూ ఒకేసారి అక్కర్లేదు. ఇప్పుడు పాత సైజు, పాత రకం రెండే కొని వెనక వేయండి. ముందువి ఇంకో ఆరు నెలలు వస్తాయి, ఆలోగా వాటి డబ్బు కూడబెట్టుకోవచ్చు. చట్టం చాలాచోట్ల 1.6 మిల్లీమీటర్ల వరకు ఒప్పుకున్నా, వానరోడ్డు మీద గాడి 3కి దిగాక ఆగవద్దు. వెనకకీ ముందుకీ 2 మిల్లీమీటర్ల తేడా ఉందంటే మీరు టైర్లు అటూ ఇటూ మార్చి వేయించలేదన్నమాట. 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి మార్చితే నాలుగూ కలిసి అరుగుతాయి. గాలి నెలకోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు చూడండి. బటన్ల మధ్య ఇరుక్కున్న రాయిని స్క్రూడ్రైవర్‌తో తీసేయండి, వదిలేస్తే అది లోపలికి తొలుచుకుపోతుంది.

బిగించే ముందు పక్కగోడ మీది తయారీ నంబరులో చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అంత పాతది అంటగడితే కొత్తది తెమ్మనండి.