గుండెకు ప్యాచ్ వేశారు... టిక్కీలు (మిర్చి బస్తాలు) మోయొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా వారికి 36 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ముఠా పని (హమాలీ) చేస్తారు. 2017లో ఉన్నట్టుండి ఆయాసం, గుండెదడ వస్తే విజయవాడ తీసుకెళ్లాం. గుండె దగ్గర పుట్టుకతో ఉన్న బుడగ పగిలిందన్నారు. కాగితంలో ‘రప్చర్డ్ సైనస్ ఆఫ్ వాల్సాల్వా’ అని ఉంది. ఆపరేషన్ చేసి ప్యాచ్ వేశారు, వాల్వు మార్చలేదు. అప్పటి ఎకో (గుండె స్కానింగ్)లో ‘ట్రివియల్ ఏఆర్’ అని ఉంటే, మొన్న తీయించిన దాంట్లో ‘మైల్డ్ ఏఆర్’ అని వచ్చింది. బుడగ మళ్లీ వస్తుందా? ఆయన ఆయుష్షుకి ఏమైనా ఢోకానా? టిక్కీలు మోయొచ్చా? పన్ను తీయించుకోవాలన్నా టెన్షన్‌గా ఉంది.
– పేరు రాయవద్దన్న సోదరి, గుంటూరు

జవాబు: ముందు ఆయుష్షు సంగతి చెప్పేస్తానమ్మా, మిగతాది చదవడానికి ఓపిక వస్తుంది. ఈ ఆపరేషన్ అయినవాళ్లను ఏళ్ల తరబడి చూసిన ఆసుపత్రుల లెక్కల్లో, పదేళ్ల తర్వాత కూడా సుమారు పదిమందిలో తొమ్మిది మంది బతికే ఉన్నారు. మూసిన చోట మళ్లీ రంధ్రం పడటం కొద్దిమందిలోనే. కాబట్టి బుడగ గురించి రాత్రిళ్లు నిద్ర మానుకోవద్దు.

నేను చూసేది బుడగని కాదు, వాల్వుని. గుండె నుంచి బృహద్ధమని మొదలయ్యే చోట, వాల్వు రెక్కలకు సరిగ్గా పైన, మూడు చిన్న ఉబ్బులుంటాయి. వాటికే వాల్సాల్వా అనే ఇటలీ వైద్యుడి పేరు. మీ వారికి వాటిలో ఒకదాని గోడ పుట్టుకతోనే పల్చగా ఉండి, సాగి సాగి పగిలింది. ఇది మన ఆసియా వాళ్లలో, అందులోనూ మగవాళ్లలో ఎక్కువ. సర్జన్ రంధ్రం మూశారు సరే, ఆ గోడనే ఆనుకుని ఉన్న రెక్కకు పట్టు తగ్గి ఉండొచ్చు. గుమ్మం కుంగితే తలుపు సరిగ్గా పడుతుందా? ఇదీ అంతే. బయటికి వెళ్లాల్సిన రక్తం కొంత వెనక్కి కారుతుంది. ఏఆర్ అంటే ఆ లీకే. ‘ట్రివియల్’ అంటే నామమాత్రం, ‘మైల్డ్’ అంటే కొద్దిగా. ఆపరేషన్ బాగా జరిగినవాళ్లలో కూడా ఏళ్లు గడిచాక ఇది మెల్లగా పెరగొచ్చు. కొందరికి వాల్వు మార్చాల్సి వస్తుంది.

‘మైల్డ్’కి ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు. మీ వారికి మాత్రం ఏడాదికోసారి ఎకో తీయించండి, మీ ఊళ్లో జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) గుండె విభాగానికి వెళ్లినా సరే. రిపోర్టులో ఎడమ జఠరిక (రక్తాన్ని ఒంటికి పంపే గది) సైజు, ‘ఈఎఫ్’ (ఆ గది ఒక్కో కొట్టుకి ఎంత శాతం రక్తం పంపుతోందో చెప్పే అంకె) చూపించి, పోయిన ఏడాదితో పోల్చి చెప్పమని అడగండి. లీకు బాగా పెరిగి, గుండె ముడుచుకున్నప్పటి సైజు 50 మిల్లీమీటర్లు దాటినా, ఈఎఫ్ 55కి దిగినా, ఆయాసం లేకపోయినా సరే, సర్జన్‌ని కలవాల్సిందే.

ఆయాసం అన్నాను కాబట్టి ఇంకో మాట. యార్డు వాళ్లకి ఏ దగ్గొచ్చినా మిర్చి ఘాటు మీదకే పోతుంది. ఘాటుకి దగ్గు రావడం నిజమే, నేను ఆ రోడ్డున వెళ్తేనే తుమ్ముతాను. కానీ పడుకుంటే దగ్గొచ్చి లేచి కూర్చుంటే తగ్గినా, రెండు మెట్లెక్కితే రొప్పు వచ్చినా, కాళ్లు వాచినా, దాన్ని ఘాటు ఖాతాలో వేయకండి. వెంటనే చూపించండి.

టిక్కీలు వద్దు. ఒక్కోటి 40 కిలోలు ఉంటుంది కదా! ఊపిరి బిగబట్టి అంత బరువెత్తితే ఆ క్షణాన బీపీ ఆకాశానికి వెళ్తుంది. ఆ దెబ్బ పడేది ఆ వాల్వు మీదే. కూలి తగ్గుతుందని నాకూ తెలుసు. మేస్త్రితో మాట్లాడి కాటా దగ్గరకో, లెక్కల పనికో మారమనండి. నడక, సైకిలు, ఇంటి పని, కాపురం, వీటికి అడ్డేమీ లేదు. బీపీ మాత్రం చూపించుకుంటూ ఉండాలి.

పన్నుకి భయపడక్కర్లేదు. ప్యాచ్ వేసి ఆరు నెలలు దాటి, దాని పక్కన లీకు లేకపోతే నోటి క్రిములు గుండెకు పట్టకుండా ఇచ్చే ముందస్తు యాంటిబయాటిక్ సాధారణంగా అవసరం ఉండదు. అయినా దంతవైద్యుడికి ఆపరేషన్ సంగతి చెప్పండి. పుచ్చు పన్ను నోట్లో ఉంచుకోవడమే ఎక్కువ ప్రమాదం. జ్వరం వారం దాటి విడవకపోతే మాత్రం వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించకండి. గుండెకు క్రిమి పట్టిందేమో తేల్చడానికి ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమిని వెతికే పరీక్ష) చేయించాలి. యాంటిబయాటిక్ పడ్డాక ఆ పరీక్షలో క్రిమి దొరకడం కష్టం.

2017 డిశ్చార్జి కాగితం, రెండు ఎకో రిపోర్టులు ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి.