నాయిన 207 బండిని తయారు చేయించాలె, మూడు లక్షలు మిత్తికి తేవచ్చా?

హాలియా దగ్గరి ఊరి నుంచి ఒక తమ్ముడు రాసిండు. వాళ్ల నాయిన 2004ల కొన్న టాటా 207, ఏపీ 24 నంబరు, రాత్రిళ్లు బత్తాయి లోడేసుకొని హైదరాబాద్ కొత్తపేట పండ్ల మార్కెట్‌కి తోలిన బండి. నాయిన పోయి రెండేండ్లయింది, అప్పట్నుంచి బండి యాప చెట్టు కిందనే నిలబడి ఉంది. కిరాయిలకు తిప్పాలన్న ఆలోచన లేదంట, ఆదివారాలు తన చేతుల్తోనే గీకి, రిపేరు చేయించి, కొత్తగ పెయింట్ కొట్టించి ఇంటి ముందర పెట్టుకోవాలె, అప్పుడప్పుడు పొలం కాడికి తోలాలె, అదీ కోరిక. మేస్త్రీలు చెప్పిన లెక్క: ఇంజిన్ 85 వేలు, టింకరింగ్ (రేకు పని) వెల్డింగ్ 90 వేలు, పెయింటింగ్ 70 వేలు, టైర్లు 30 వేలు, సీట్లు వైరింగ్ 25 వేలు, మొత్తం 3 లక్షలు. తమ్మునికి 39 ఏండ్లు, మిర్యాలగూడల ప్రైవేట్ కాలేజీల చెప్తడు, జీతం 46 వేలు, నాలుగెకరాల వరి, బిడ్డ ఎనిమిదో తరగతి, ఖర్చులన్నీ పోను నెలకు 14 వేలు మిగుల్తయంట, బ్యాంకుల రెండున్నర లక్షల ఎఫ్‌డీ ఉంది, ఇన్సూరెన్స్ ఏదీ లేదు. "అన్నా, తెలిసినాయన దగ్గర రెండు రూపాయల మిత్తికి దొరుకుతయి, యాసంగి వడ్లు అమ్మి కడ్త, లేకుంటే బ్యాంకోళ్లు 14 శాతానికి పర్సనల్ లోన్ ఇస్తమంటున్నరు, ఏది మంచిది? బండి తయారైతే రేటు పెరుగుతది కద, పెట్టుబడి కింద అనుకోవచ్చా?" అని అడిగిండు.

తమ్మీ, ముందుగాల ఒక మాట, బండి చేయించు. అది తప్పు ఖర్చని నేను చెప్త అనుకొని భయపడి రాసినట్టున్నవ్, అట్ల చెప్ప. నాయిన స్టీరింగ్ పట్టుకొని నిన్ను చదివించిన బండి అది, దాన్ని తుక్కుకి ఇవ్వబుద్ధి కాకపోవుడు సహజమే. కానీ పెట్టుబడి అనే మాట మాత్రం మనసులకెళ్లి తీసెయ్. పాత పికప్ కొనేటోడు మోడల్ ఏ సంవత్సరం, ఫిట్‌నెస్ ఉందా, ఇంజిన్ పొగ కొడ్తుందా అని చూస్తడు, నువ్వు పెయింట్ మీద పెట్టిన 70 వేలు ఆయన లెక్కల ఉండవ్. ఇది పండుగకు పెట్టే ఖర్చు లాంటిది, తిరిగి రావని తెలిసే పెట్టాలె, తిరిగి రాని ఖర్చుకు మిత్తి కట్టొద్దు.

మిత్తి సంగతి చూద్దాం. రెండు రూపాయలంటే చెవికి చిన్నగ వినిపిస్తది, కానీ వందకు నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. మూడు లక్షలకు నెలకు 6 వేలు ఒట్టి మిత్తే, ఏడాదికి 72 వేలు పోయినా అసలు రూపాయి కూడ తగ్గది. యాసంగి వడ్ల మీద నమ్మకం పెట్టుకున్నవ్, సాగర్ కాలువల నీళ్లు ఎప్పుడొస్తయో ఎప్పుడు బంద్ అయితయో నాకంటే నీకే బాగ ఎరుక, ఒక్క పంట ఎండిందంటే బండి కోసం తెచ్చిన అప్పు బిడ్డ ఫీజు మీదకి వస్తది. ఇగ బ్యాంకు లోన్, 14 శాతం మీద మూడేండ్లకు తీస్కుంటే ఈఎంఐ సుమారు 10,250, మొత్తం కట్టేది 3 లక్షల 69 వేల దాక, అంటే 69 వేలు మిత్తి. ఇప్పుడు దీన్నే ఉల్టా చెయ్యి. అదే 10 వేలు నెలనెలా బ్యాంకు రికరింగ్ డిపాజిట్ల, అంటే ఆర్డీల ఏసుకుంట పో, అదే మూడేండ్లకు నీ చేతిల 3 లక్షల 60 వేలు ఉంటయి, పైన కొంచెం మిత్తి నీకే వస్తది. నెలకు కట్టేది దాదాపు అంతే, టైమూ అంతే, తేడా ఏందంటే ఆ అరవై వేలు బ్యాంకుకు పోకుండ నీ బండి తుప్పుకి పనికొస్తయి. తుప్పు కోసం ఆ అరవై వేలు కావల్సి వస్తయి కూడ, ఎందుకో చెప్త.

పాత బండి ఎస్టిమేట్ అంటే పైకి కనిపించేదాని ఎస్టిమేట్ గంతే. టింకరింగ్ మేస్త్రి 90 వేలు అన్నడంటే పెయింట్ పైన ఉన్నప్పుడు అన్నడు. గీకినంక ట్రాలీ ఫ్లోర్ కింద, క్యాబిన్ మూలలల్ల, డోర్ల అడుగున, మడ్‌గార్డుల లోపల ఏముందో అప్పుడు తెలుస్తది, ఎన్ని ఏండ్లు బత్తాయి తడి ఆ రేకు మీద పడ్డదో అంత తిని ఉంటది. అందుకే ఎవ్వరికీ మూడు లక్షలకు గుత్త మాట్లాడకు, పని వారీగా పైసలియ్యి, ఒక పని చూసుకున్నంకనే ఇంకో పనికి అడ్వాన్స్. నా సంగతి చెప్త, కొన్నేండ్ల కింద నేనొక పాత జీపు తీస్కొని ముందే పెయింట్ కొట్టించిన, ఎర్రగ మెరిసిపోతుంటే కడుపు నిండింది, తర్వాత రెండు నెల్లకు ఇంజిన్ దించాల్సొచ్చింది, చైన్ కప్పీ గొలుసు తగిలి బానెట్ పక్కన పొడుగున గీతలు, గేర్ ఆయిల్ మరకలు, క్యాబిన్ల ఒక దగ్గర వెల్డింగ్ చేస్తే ఆ వేడికి బయట పెయింట్ పొక్కులొచ్చింది. మళ్లీ కొట్టించిన. ఆ 40 వేలు ఇప్పటికీ యాదికొస్తయి.

అందుకని వరుస ఇది: కాయిదాలు ముందు, తర్వాత బ్రేకులు ఇంజిన్, తర్వాత రేకు పని, అన్నిటికన్న చివర పెయింట్.

కాయిదాలు అంటే నిజంగనే రేపటి పని. ఆర్సీ ఇంక నాయిన పేరు మీదనే ఉంది. ఓనర్ పోతే 30 రోజులల్ల ఆర్టీఏకి చెప్పి, మూడు నెల్లల్ల ఫారం 31 తోని వారసుల పేరు మీదకి మార్చుకోవాలె, నీకు రెండేండ్లు దాటింది కాబట్టి ఇగ ఆలస్యం చెయ్యకు. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మ, అక్కాచెల్లెండ్ల నుంచి అభ్యంతరం లేదన్న కాయిదం పట్టుకొని నల్లగొండ ఆఫీసుకు పో. అక్కడ నాలుగు సంగతులు అడుగు: క్వార్టర్లీ ట్యాక్స్ ఎన్ని క్వార్టర్లు బాకీ, పాత బండ్ల మీద ఏసే గ్రీన్ ట్యాక్స్ ఎంత, ఫిట్‌నెస్ ఎప్పుడు అయిపోయింది, పాత ఫైనాన్స్ హైపోథికేషన్ (బండి మీద లోన్ ఉన్నదన్న రాత) ఆర్సీల ఇంక ఉందా. ఉంటే ఫైనాన్స్ వాళ్ల నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తేవాలె. ఫిట్‌నెస్ గడువు దాటితే రోజుకు 50 రూపాయల లెక్కన అదనపు ఫీజు పెట్టిన్రు, ఏడాదికే 18 వేలు దాటుతది, నిలబడ్డ బండికి అది ఎంతైందో లెక్క కట్టించుకోకుండ ఇంజిన్ మీద రూపాయి పెట్టకు. ఈ బాకీలు లక్ష దాటినయనుకో, అప్పుడు నీ బడ్జెట్టే మారిపోతది.

ఇంకోటి, ఎల్లో బోర్డు (కిరాయి బండి) నుంచి ప్రైవేటుకి మార్పిస్తరా, మారిస్తే లైఫ్ ట్యాక్స్ ఎంత పడ్తదని కూడ అదే రోజు అడుగు. ఎందుకంటే 2022ల ఖరారు చేసిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ రేట్ల ప్రకారం 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి ఏడాదికి 16,049, అదే 1500 సీసీ దాటిన ప్రైవేట్ కారు కిందికి వస్తే 7,897, పైన జీఎస్టీ. పొలం కాడికి నెలకు రెండుసార్లు పోయే బండికి ఏటా ఆ తేడా చిన్నది కాదు. ప్రైవేట్ కింద 15 ఏండ్లు దాటిన బండ్ల రీ-రిజిస్ట్రేషన్ ఫీజు 2022ల 600 నుంచి 5 వేలు చేసిన్రు, 20 ఏండ్లు దాటినోటికి 2025 ఆగస్టుల 10 వేలు చేసిన్రు, నీది 2004 మోడల్, అది కూడ లెక్కల రాసుకో. వింటేజ్ కింద పెట్టిస్త అంటావేమో, దానికి 50 ఏండ్లు నిండాలె. లైసెన్స్ గురించి భయపడకు, ఎల్‌ఎంవీ (కారు లాంటి చిన్న బండ్ల) లైసెన్స్ ఉంటే 7,500 కిలోల లోపు బండి తోలొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌ల తేల్చి చెప్పింది.

ఇప్పుడు నీ 14 వేలు. 4 వేలు ముందుగాల టర్మ్ ఇన్సూరెన్స్‌కి, ముగ్గురికీ హెల్త్ పాలసీకి పక్కన పెట్టు, 2025 సెప్టెంబర్ 22 నుంచి వీటి మీద జీఎస్టీ కూడ లేదు. బండి కంటే ముందు ఇది, ఇందుల బేరం లేదు తమ్మీ, మరదలు, బిడ్డ నీ ఒక్క జీతం మీద ఉన్నరు. మిగిలిన 10 వేలు బండి ఆర్డీ. ఎఫ్‌డీ ముట్టొద్దు, ప్రైవేట్ కాలేజీల జీతాలు ఎండాకాలం రెండు నెల్లు ఎట్లుంటయో నీకు తెల్వంది కాదు. రైతు భరోసా నాలుగెకరాలకు ఏడాదికి 48 వేలు వస్తది కద అని రాసినవ్, అది విత్తనాలకు ఎరువులకు, వాటి జోలికి పోకు.

పైసలు జమ అయ్యేదాక ఖాళీగ కూసోమంటలేను. నువ్వే అన్నవ్ కద, చేతుల్తోని చేసుకోవాలని, పెయింటింగ్ బిల్లుల సగం పైన కూలీనే, ఆ పని నువ్వు చెయ్యొచ్చు. సీట్లు, లైట్లు, బంపర్ ఇప్పు, నట్లు బోల్టులు డబ్బాలల్ల ఏసి దేనిదో రాసిపెట్టు. వైర్ బ్రష్ తోని, వాటర్ పేపర్ తోని ఒక్కో ప్యానెల్ గీకు, కానీ గీకిన రేకు బట్టబయలు ఇడ్సిపెట్టకు, ఆ దినమే ఎపాక్సీ ప్రైమర్ కొట్టు, మామూలు సర్ఫేసర్ ఒక్కటే కొట్టి వానల పెడ్తే తడి పీల్చుకొని కింద మళ్లీ తుప్పు పడ్తది. తుప్పు మీదనే లప్పం పెట్టే పెయింటర్ దొరికితే దండం పెట్టి పంపించు, ఒక్క వానాకాలంల ఉబ్బుతది. చాసిస్ నంబర్ కొట్టిన చోట టేప్ ఏసి కాపాడు, దాని మీద గ్రైండర్ తగిలిందంటే ఫిట్‌నెస్ కాడ అచ్చు రాదు, అదో పెద్ద తలనొప్పి. పాత రంగే ఉంచు, రంగు మారిస్తే ఆర్సీల ఎక్కించాలె, ఇంకో ఖర్చు.

ఫైనల్ కోటు మాత్రం నువ్వు కొట్టకు. పీయూ (పాలీయురేథేన్) పెయింట్‌ల కలిపే హార్డెనర్‌ల ఐసోసైనేట్ అనే మందు ఉంటది, ముక్కుకు రుమాలు కట్టుకుంటే ఆగది, ఊపిరితిత్తులకు పడ్తది, ఆస్తమా వస్తది, సరైన మాస్కు, బూత్ ఉన్నోళ్ల దగ్గరనే కొట్టించు. టైం కూడ చూస్కో, వానాకాలం గాలిల తడికి ఎన్‌సీ (తొందరగ ఆరే పాత రకం) పెయింట్ తెల్లగ మసక పట్టుద్ది, మే నెల మన ఎండకు గన్‌లకెళ్లి వచ్చింది రేకు మీద పారకముందే ఆరి బత్తాయి తొక్క లెక్క గరుకు తేలుద్ది. ఫిబ్రవరి, మార్చి బాగుంటది. నీ లెక్క ప్రకారం అది మూడో ఏడు ఫిబ్రవరి అయితది, అప్పటికి ఇంజిన్, రేకు పని అయిపోయి ఉంటయి.

బిల్లులు, ఫోటోలు ప్రతి పనికీ తీసి పెట్టు. అయిదేండ్లు దాటిన బండికి ఐడీవీ అంటే ఇన్సూరెన్స్ కంపెనీ, నువ్వు కలిసి ఒప్పుకున్న విలువనే, ఫుల్ పాలసీ తీస్కుంటే అప్పుడు ఆ బిల్లులే నీ మాటకు బలం. అయినా పాలసీల పెయింట్ మెటీరియల్‌కి సగం తరుగు కింద కోస్తరు, తరుగు కొయ్యని జీరో డిప్ పాలసీ ఇంత పాత బండికి ఎవ్వరూ ఇయ్యరు, అది కూడ తెలిసి ఉండు.

వెనక డాల (ట్రాలీ తలుపు) మీద నాయిన రాయించిన అక్షరాలు ఇంక ఉన్నయని రాసినవ్ కద. గీకే ముందు వాటి మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి పెన్సిల్‌తోని అచ్చు తీస్కో, రంగులు కనపడేటట్టు ఎండల ఫోటో తియ్యి. చేత్తోని రాసే పెయింటర్లు నార్కట్‌పల్లి దారిలనో సూర్యాపేటలనో ఇంక దొరుకుతరు, ఆ అచ్చు చూపిస్తే అదే రాత మళ్లీ ఏయించుకోవచ్చు.