ఎవరి కష్టానికి ముందు మిషను?

ప్రశ్న: మిషన్లన్నీ మన కష్టం తగ్గించడానికే వస్తాయంటారు, నిజమేనా?

జవాబు: ఎవరి కష్టం అన్నదే అసలు పేచీ. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి, అంటే అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారం తిప్పాలి, ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి, నాలుగైదు గంటలు. అది ఆడవాళ్ల పని. భుజాలు పట్టేసినా ఇంటిపని కిందే జమ, ఇక మిషను గురించి ఎవరు ఆలోచిస్తారు? మగ్గాల పొట్టకొట్టే పవర్‌లూమ్‌లు మాత్రం ఎప్పుడో దిగిపోయాయి! చివరికి బడి మధ్యలో మానేసిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేశారు, గంటన్నరలో పని అయిపోతుంది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, సంతోషమే. పెద్ద కంపెనీలకు ఇది పట్టలేదేం అంటారా? అందులో లాభమెక్కడుంది మరి!